వినోదోద్యానములలో అవిటివాని యాత్ర



మా యూరికి మూడు కోసుల దూరమున ఏటేట మాఘమాసములో తిరునాళ్ళు జరుగును. మీ మీ ప్రాంతములలోను అట్టివి కలవు గనుక వర్ణింప నక్కరలేదు. ఊరంతయు బండ్లు కట్టుకొని పోయినపుడు ప్రతి యింటను కావలికి ఒక్కరైన మిగులవలెను గదా. మా యింట ఆ కావలివాడను నేను. మూడవ యేట పోలియో సోకి నా కుడికాలు చచ్చుపడినది. పదేండ్ల ప్రాయము వరకు మా అన్నగారు నన్ను భుజములపై నెక్కించుకొని తిరునాళ్ళకు తీసికొనిపోయెడివారు. పిమ్మట నేను బరువైతిని. ఆయన గృహస్థు డయ్యెను. అది మొదలు రంగులరాట్నమును గూర్చి వినుటయే గాని చూచుట లేదు. వారు తిరిగి వచ్చునప్పుడు నాకు జీళ్ళును ఖర్జూరపు పండ్లును తెచ్చెడివారు. ఇందులో ఎవరి దోషమును లేదు. నన్ను విడిచిపోవుట అన్యాయమని వారికి తోచలేదు; నాకును తోచలేదు.

నేటి ప్రసంగమునకు ఈ సంగతితో సంబంధ మున్నది. నేను 2023వ సంవత్సరమున, అరువదినాలుగవ యేట, అమెరికాలో కాపురమున్న మా అమ్మాయి యింటికి పోయి, అక్కడి వినోదోద్యానములను రెండింటిని చక్రాల కుర్చీలో కూర్చుండి చూచి వచ్చితిని. చూచిన దానిలో నీటిపడవలకంటెను రాట్నములకంటెను నన్ను ఆలోచింపజేసినది వేరొకటి. అవిటివాడు లోపలికి ఎట్లు వచ్చును, ఎక్కడ కూర్చుండును, ఎట్లు దిగును అను ప్రశ్నలను అక్కడివారు కట్టడము కట్టకముందే వేసికొనుచున్నారు. దానిని గూర్చియే నేడు మనవి చేయుదును.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. ప్రభుత్వమువారు మమ్ము దివ్యాంగులనియు, విభిన్న ప్రతిభావంతులనియు పిలుచుచున్నారు. ఉద్దేశము మంచిదే. కాని నా కుడికాలియందు దివ్యత్వ మేమియు నాకు కనబడలేదు. అవిటివాడనని చెప్పుకొనుటకు నాకు సిగ్గు లేదు గనుక ఈ ప్రసంగములో నన్ను గూర్చి ఆ మాటనే వాడుదును.

వినోదోద్యాన మనగా మన తిరునాళ్ళను ఒక పట్టణమంత పెంచి, ఏడాది పొడుగున నడుపుట యనుకొనుడు. ఒక కథనో ఒక దేశమునో ఒక కాలమునో తలపించునట్లు వీధులు, కోటలు, నదులు, కొండలు నిర్మించి, వానినడుమ బండ్లను, పడవలను త్రిప్పుదురు. దీనినే వారు థీమ్ పార్కు అందురు. వాల్ట్ డిస్నీ అను చిత్రనిర్మాత 1955వ సంవత్సరము జూలైలో కాలిఫోర్నియాలోని అనహైములో డిస్నీలాండును తెరచెను. ఆయన మరణానంతరము 1971లో ఫ్లోరిడా రాష్ట్రమున ఒర్లాండో చెంత రెండవది వెలసినది. ఆ రెండవదాని ఆవరణము సుమారు 40 చదరపు మైళ్ళు. తరువాత 1983లో టోక్యో చెంతను, 1992లో పారిసు చెంతను, 2005లో హాంకాంగులోను, 2016లో షాంఘైలోను అట్టివి ఏర్పడినవి.

మా మనుమరాలికి ఏడేండ్లు. "తాతయ్యా, నువ్వు కూడా వస్తున్నావా?" అని అడిగినది. నేను అలవాటు చొప్పున "మీరు పోయి రండి తల్లీ, నేను ఇల్లు చూస్తూ ఉంటాను" అంటిని. మా అల్లుడు నవ్వి, "ఇక్కడ ఇంటికి తాళం వేస్తే చాలు, మామయ్యగారూ" అనెను. అట్లు నా ఉద్యోగము పోయినది.

ప్రయాణమును గూర్చి కొంత చెప్పవలెను. ఏలన, మీ యిండ్లలో అట్టివారు పోవలసివచ్చినపుడు అది పనికివచ్చును. విమానములోనికి మన కుర్చీ రాదు. విమానము ద్వారము వరకు దానిలో పోయి, అక్కడ సన్నని కుర్చీ ఒకదానికి మారవలెను. అది విమానములోని నడిమి సందులో పట్టునంత వెడల్పు గలది. మనిషిని మూటవలె పట్టీలతో బిగింతురు. మన కుర్చీ పెట్టెలతో పాటు అడుగు భాగమున ప్రయాణము చేయును. బ్యాటరీతో నడుచు కుర్చీ అయినచో బ్యాటరీ ఏ జాతిదో, ఎంత శక్తి గలదో ముందుగా తెలుపవలెను. నాది చేతితో త్రోయు కుర్చీ గనుక ఆ చిక్కు లేదు. వేరొక చిక్కు వచ్చినది. దిగునప్పటికి కుర్చీ పాదపీఠము ఒకటి విరిగి యుండెను. మా అల్లుడు ఇంటికి పోయి చూతమనెను గాని, నా ప్రక్కన నిలిచిన సహాయకురాలు "విమానాశ్రయము దాటకముందే వ్రాయించుడు" అని హెచ్చరించినది. ఆమె మాట విని అక్కడనే ఫిర్యాదు వ్రాయించి, దాని సంఖ్యను తీసికొంటిమి. మూడవనాడు బాగుచేయించి యిచ్చిరి. ఇంటికి పోయిన పిదప చెప్పియుంటిమేని, ఎక్కడ విరిగినదో ఎవరు నిర్ణయింతురు?

ఇచ్చట ఒక అప్రియమైన మాట అనవలసియున్నది. మన దేశమునుండి అమెరికాకు పోవు విమానములలో, కాళ్ళు చక్కగా నున్న పెద్దలును చక్రాల కుర్చీ కావలెనని పేరు వ్రాయించుకొందురు. ఇంగ్లీషు రాదను భయముచేతను, విమానాశ్రయములో దారి తప్పుదుమను బెదురుచేతను పిల్లలే వారికి అట్లు ఏర్పాటు చేయుదురు. ఆ భయము నిజమైనదే. నేను దానిని పరిహసింపను. కాని ఒక విమానాశ్రయమున కుర్చీలన్నియు అట్టివారితో నిండి, త్రోయువారు చాలక, నేను ద్వారముకడ గంటకు పైగా కాచుకొంటిని. నా ముందు కుర్చీలో పోయిన ఒక పెద్దమనిషి సామాను వచ్చుచోట గబగబ నడచిపోయి తన పెట్టెను లాగికొనుట కన్నులార చూచితిని. దారి చూపువాడు కావలసినవారికి దారి చూపువానిని ఇయ్యవలెను, కుర్చీని కాదు. ఈ సంగతి మరల ముందు రానున్నది.

ఒర్లాండోలో మేము దిగిన బసలో అవిటివారి గది యని చెప్పి యిచ్చిరి. తలుపు వెడల్పుగ నున్నది, మంచము ఎత్తు సరిపోయినది. స్నానపు గదిలో చూతును గదా, మోకాలెత్తు గట్టు గల తొట్టి! దానిలోనికి దిగుట నావంటివానికి బావిలోనికి దిగుటతో సమానము. మా అమ్మాయి బకెట్టును చెంబును సంపాదింపగా మూడు దినములు మన పద్ధతిని స్నానము చేసితిని. తరువాత తెలిసినది, అవిటివారి గది యనినను రెండు విధములు కలవట: తొట్టి గలది యొకటి, కుర్చీతో నేరుగా లోనికి పోయి నీటిజల్లు క్రింద కూర్చుండదగినది యొకటి. రెండవది కావలెనని ప్రత్యేకముగ అడిగి, వ్రాతలో తీసికొనవలెను. మేము అడుగలేదు, వారు చెప్పలేదు.

ఇక అసలు విషయము. ఆ దేశమున ఇన్ని సదుపాయములు దయచేత కలిగినవి కావు. ఈ మాట నేను గట్టిగా చెప్పవలసియున్నది. ఎందుకనగా మనవారు అక్కడి వాలుబాటలను చూచి "ఎంత దయగలవారో" అని మెచ్చుకొందురు. అక్కడి అవిటివారు పోరాడి సాధించినవి అవి. 1977లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున అవిటివారు ఒక ప్రభుత్వ కార్యాలయములో మూడు వారములకు పైగా కదలక కూర్చుండిరి. 1990వ సంవత్సరము మార్చి 12వ తేదీని వాషింగ్టను నగరములో శాసనసభాభవనపు మెట్లయెదుట పలువురు తమ చక్రాల కుర్చీలను, చంకకర్రలను విడిచి, చేతులతోను మోకాళ్ళతోను ప్రాకుచు ఆ మెట్లెక్కిరి. వారిలో ఎనిమిదేండ్ల బాలిక యొకతె కలదు. ఆ యేడు జూలై 26వ తేదీని అవిటివారి హక్కుల చట్టముపై అధ్యక్షుడు జార్జి బుష్ సంతకము చేసెను. ప్రభుత్వ కార్యాలయములకే గాక అంగళ్ళకు, పూటకూళ్ళ యిండ్లకు, నాటకశాలలకు, వినోదోద్యానములకు, అనగా ప్రజలు వచ్చి డబ్బిచ్చి పోవు ప్రతి తావునకును అది వర్తించును.

ఆ చట్టము ననుసరించి ఏర్పడిన కొలతలలో ఒకదానిని మాత్రము వివరింతును. లెక్కలు చెప్పిన నాలుకకు అది రుచించును. వాలుబాట ఒక అంగుళము లేచుటకు పండ్రెండు అంగుళముల పొడవైన నుండవలెను. ఆరు అంగుళముల మెట్టునకు ఆరడుగుల బాట. మూడడుగుల అరుగునకు ముప్పదియారడుగుల బాట, నడుమ నిలిచి ఊపిరి పీల్చుకొనుటకు ఒక చదునైన తావు. ఇంతకంటె నిటారుగా కట్టినచో త్రోయువానికి రొమ్ము పగులును, కూర్చున్నవానికి గుండె జారును. మన వైపున కొన్ని కార్యాలయములయెదుట మూడడుగుల యెత్తునకు ఎనిమిదడుగుల బాట వేసి, పైన రంగు పూసి, చక్రాల కుర్చీ బొమ్మ వ్రాసియుంచిరి. దానిపై కుర్చీ ఎక్కింపవలెనన్న ఇద్దరు వస్తాదులు కావలెను. బాట ఉన్నదని లెక్కకు వచ్చును గాని మనిషి లోపలికి రాడు.

ఫ్లోరిడాలోని ఉద్యానములో మొదట నన్ను ఆశ్చర్యపరచినది వరుస. చక్రాల కుర్చీ గలవానిని వేరొక దొడ్డిదారిని ముందుగా పంపుదురేమో యని తలచితిని. అట్లు కాదు. పెక్కు ఆటలకడ అందరు నిలుచు వరుసలోనే కుర్చీ పట్టునట్లు దారి వెడల్పుగ వేసిరి. నేనును అందరితోపాటు నలుబది నిమిషములు కాచుకొంటిని. ముందు ఒక పిల్లవాడు ఏడ్చుచున్నాడు, వెనుక ఒక ముసలమ్మ ఎండను తిట్టుచున్నది, మా మనుమరాలు నా ఒడిలో కూర్చుండి వేరుసెనగపప్పు తినుచున్నది. అందరివలె విసుగుకొనుట కూడ ఒక గౌరవమే యని అప్పుడు తోచినది. గుడిలో "అయ్యో పాప మాయనను ముందుకు పోనీయండి" అను మాట నేను వేయిమార్లు వినియుందును. ఆ మాట అన్నవారు మంచివారే; నేను దానివలన లాభము పొందినవాడనే. అయినను ఆ మాట విన్నపుడెల్ల తల వంగెడిది.

ప్రతి ఆటకు మూడు విధములలో ఏదో యొక నియమము వ్రాసి యుందురు. కొన్నింటిలో కుర్చీతోనే ఎక్కవచ్చును. కొన్నింటిలో కుర్చీనుండి బండియొక్క ఆసనమునకు మారవలెను. కొన్నింటిలో నడువగలవారు తప్ప ఎక్కరాదు. మారుటలో ఉద్యానపు సేవకులు మనలను ఎత్తరు. అట్లు ఎత్తుటకు వారికి అనుమతి లేదు. మనమే మారవలెను, లేదా మనవెంట వచ్చినవారు మార్పింపవలెను. కావున ఒంటరిగా పోవువాడు తన చేతులలో ఎంత సత్తువ కలదో ముందే తూచుకొనవలెను. పాత ఆటలకు ఈ చట్టము పూర్తిగా పట్టదు గాని, 2012 మార్చి మొదలు క్రొత్తగా నిర్మించు ఆటలలో కుర్చీకి తావైనను, మారుటకు అనువైన ఆసనమైనను, మార్చు సాధనమైనను ఒకటి యుండి తీరవలెను.

పడవ యాట ఒకటి కలదు. ప్రపంచములోని నానాదేశముల పిల్లల బొమ్మలు ఇరుప్రక్కల పాడుచు ఆడుచుండగా నీటి కాలువలో పడవ మెల్లగా పోవును. 1964లో న్యూయార్కు ప్రదర్శనమునకై చేసిన దానిని తరువాత ఈ ఉద్యానములకు తెచ్చిరి. దానిలో కుర్చీ నిలుచునట్లు చదునుగా చేసిన పడవ కలదు. ఒడ్డునకు పడవకు నడుమ పలక వేసిరి, కుర్చీ లోనికి పోయినది, చక్రములు బిగించిరి. నేను ఎవరి చేతులమీదను ఎక్కలేదు.

అక్కడ ఒక చిన్న సంగతి జరిగినది. రేవుకడ నున్న యువకుడు వంగి, నా కన్నులలోనికి చూచి, "అయ్యా, మీరు కుర్చీలోనే యుందురా, బల్లపైకి మారుదురా?" అని నన్ను అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ఇంగ్లీషు తెలియక కాదు. మన దేశమున ఇట్టి ప్రశ్న నన్ను త్రోయువానిని అడుగుదురు: "ఆయన ఎక్కగలరా?" అని. నేను ముప్పదియైదేండ్లు తరగతిగదిలో పాఠము చెప్పినవాడను. అయినను కుర్చీలో కూర్చున్నంతనే నా నోరు కూడ చచ్చుపడినదని జనులు తలతురు. ఆ యువకునికి అట్లు అడుగవలెనని ఎవరో నేర్పియుందురు. నేర్పదగిన విద్యయే అది. డబ్బు ఖర్చు లేనిది.

మారవలసిన ఆటలలో దయ్యాల భవన మొకటి. అందులో నల్లని బండ్లు గొలుసుకట్టుగా ఆగక కదలుచుండును. నావంటివాడు ఎక్కునపుడు సేవకులు ఆ గొలుసు వేగమును తగ్గింతురు. మా అల్లుడు నన్ను మార్పించెను. దయ్యములు నన్నంతగా భయపెట్టలేదు. దిగునపుడు మరల కుర్చీ అందునా యను భయమే ఎక్కువ. కుర్చీని వారు దిగుచోటికి ముందే చేర్చియుంచిరి.

ఎత్తులలో పరుగెత్తు రోలర్ కోస్టరులను నేను ఎక్కలేదు. మా మనుమరాలికై ఒకదానికడ విచారింపగా, "బండి నడుమ ఆగిపోయినచో మెట్లు దిగి రాగలరా?" అని అడిగిరి. మొదట ఇది సాకు అనుకొంటిని. తరువాత అర్థమైనది. యంత్రము పైన ఎక్కడనో నిలిచిపోయినచో జనులను సన్నని మెట్లదారిని దింపవలెను. నడువలేనివాడు అక్కడ చిక్కుకొనును. వెనుకవారికి దారి అడ్డమగును. పారిసులోని ఉద్యానములో ఈ కారణముచేతనే కొన్ని ఆటలలో ఒక్కసారికి ఇంతమంది అవిటివారే యని పరిమితి పెట్టిరి. నేను అక్కడికి పోలేదు, వారి నియమములను చదివితిని. భద్రతకై వద్దనుట వేరు, చూడ్కికి బాగుండదని వద్దనుట వేరు. ఆ రెంటికి భేదము తెలియవలెనన్న కారణము అడుగవలెను. అడిగినవానికి కారణము చెప్పవలెను.

వరుసను గూర్చి మిగిలిన కథ చెప్పెదను. నడువలేమి కంటికి కనబడును. కనబడని బాధలు కొన్ని కలవు. ఆటిజము గల పిల్లలు జనసమ్మర్దములో గంటసేపు నిలువలేరు. చప్పుడునకు, వెలుగునకు తల్లడిల్లుదురు. అట్టివారికి పూర్వము ఒక చీటీ యిచ్చెడివారు. దానితో ముందుగా పోవచ్చును. 2013లో కొందరు ధనవంతులు అవిటివారిని కూలికి కుదుర్చుకొని, తమ కుటుంబములో నొకరని చూపి, వరుసలు దాటి పోవుచున్నారని పత్రికలలో వచ్చినది. వెంటనే ఆ యేడు అక్టోబరులో పద్ధతి మార్చిరి. క్రొత్త పద్ధతిలో ముందుగా పోవుట లేదు. వరుసలో ఎంతసేపు పట్టునో అంతసేపు వేరొకచోట నీడపట్టున కూర్చుండి, చెప్పిన వేళకు వచ్చిన చాలును. ఇది న్యాయమైన ఉపాయమని నా అభిప్రాయము. కాలము అందరికి సమానము, నిలుచు చోటు మాత్రము వేరు.

దానిని కూడ చెరచిరి. కోరువారు ఎక్కువైరి. 2024వ సంవత్సరము మే మాసమున ఫ్లోరిడాలోను, జూన్ మాసమున కాలిఫోర్నియాలోను ఆ సదుపాయమును ముఖ్యముగా ఆటిజమువంటి పుట్టుకతో వచ్చు మనోవికాసలోపములు గలవారికి పరిమితము చేసిరి. అబద్ధము చెప్పినవారిని శాశ్వతముగా బహిష్కరింతుమనిరి. పేగుల వ్యాధివంటి బాధలు గలవారు, నిజముగా వరుసలో నిలువలేనివారే, మా గతి యేమని మొరపెట్టుకొనిరి. కూలికి అవిటివారిని తెచ్చుకొన్నవాడు ఎప్పుడో ఆట ఆడి పోయెను. వాని పాపమును రోగి యనుభవించుచున్నాడు. విమానాశ్రయములో కుర్చీ దిగి గబగబ నడచిన పెద్దమనిషి నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చెను. ఆయన చెడ్డవాడు కాడు. అయినను లెక్క అదే లెక్క.

అంధులకు ఉబ్బెత్తు అక్షరముల పటములును, ఎదుట జరుగుదానిని చెవిలో వర్ణించు చేతియంత్రమును ఇత్తురు. చెవిటివారికై కొన్ని దినములలో సంజ్ఞాభాష తెలిసినవారు వేదికపై నిలిచి కథను చేతులతో చెప్పుదురు. వీనిని నేను దూరమునుండి చూచితిని గాని వాడినవాడను కాను గనుక వానిని గూర్చి ఎక్కువ చెప్పను.

రెండవ ఉద్యానము టెక్సాసు రాష్ట్రములోని సాన్ ఆంటోనియో నగరమున నున్నది. పేరు మోర్గన్స్ వండర్‌లాండ్. డిస్నీవారి దానితో పోల్చిన ఇది పెరటితోట, 25 ఎకరములే. కాని నాకు మనసు నిలిచినది ఇచ్చటనే. గార్డన్ హార్ట్‌మన్ అను ఆయన ఇండ్లు కట్టి అమ్ము వ్యాపారి. ఆయన కుమార్తె మోర్గన్‌కు పుట్టుకతో మనోవికాసలోపము కలదు. ఒకసారి విహారయాత్రలో ఈతకొలనులో ఆ బాలిక తోటి పిల్లలతో ఆడబోగా, ఆ పిల్లలు ఒక్కరొక్కరుగా నీటినుండి లేచిపోయిరట. ఎవరును ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. లేచిపోయిరి, అంతే. ఆ దృశ్యము తండ్రి మనస్సున నాటుకొన్నది. ఆయన వ్యాపారమును 2005లో అమ్మివేసి, విరాళములు కూర్చి, పాడుపడిన ఒక రాతిగని నేలను కొని, 2010లో ఈ ఉద్యానమును తెరచెను. అవిటివారికి ప్రవేశరుసుము లేదు. తక్కినవారు ఇచ్చు రుసుముతో ఖర్చు గడవదు. లోటును దాతలు పూడ్చుచున్నారు.

ఇక్కడి రంగులరాట్నమున గుఱ్ఱముల నడుమ కొన్ని రథములు కలవు. చక్రాల కుర్చీ దానిలోనికి పోవును; గుఱ్ఱము లేచినపుడు రథమును లేచును, దిగినపుడు దిగును. మిగిలిన చోట్ల కుర్చీవానికి ఇచ్చు తావు కదలక నిలిచియుండును. తక్కినవారు ఎగురుచుండగా చూచుచు కూర్చుండవలెను. ఈ చిన్న భేదమును కనిపెట్టి సరిచేసినవాడు ఎవడో గాని వానికి నమస్కారము. మన పురాణములలో సూర్యుని సారథియైన అరుణునికి తొడలు లేవు. అనూరుడని ఆయనకు పేరు. రోజును ఏడు గుఱ్ఱముల రథమును ఆకాశమున నడుపుచున్నాడు. పిల్లలకు ఈ పదమునకు విగ్రహవాక్యము ఎన్నిమార్లు చెప్పితినో! అతనికి తొడలు లేవను మాటయే చెప్పితిని గాని, అతడు కూర్చుండుటకు రథమున తగిన పీఠము ఎవరో అమర్చియుందురు గదా యని ఒక్కమారును తోచలేదు.

దానిని ఆనుకొని 2017లో నీటి యుద్యానమును కూడ కట్టిరి. విద్యుత్తుతో నడుచు కుర్చీ నీటిలో తడిసిన పాడగును గనుక, ఒత్తిడితో నింపిన గాలి శక్తిచే నడుచు కుర్చీలను పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమువారు రూపొందించిరి. కొందరి శరీరములు చల్లని నీటికి బిగుసుకొనును; అందుకై నీటిని వెచ్చజేయుదురు. అక్కడ నేను చూచినవారిలో సగముమందికి పైగా ఏ లోపమును లేని పిల్లలు. ఇది అవిటివారి ఆశ్రమము కాదు. అందరును వచ్చి ఆడుకొను చోటు. ఎవరు ఎవరో అడుగువారు లేరు.

చివరకు ఉయ్యాలకడకు పోతిమి. ఇనుప పలక నేలతో సమముగా నున్నది. కుర్చీతో దానిపైకి పోయితిని. వెనుక తలుపువంటి వాలుపలకను లేపి గడియ వేసిరి. చక్రములకు కట్లు బిగించిరి. మా మనుమరాలు ప్రక్క ఉయ్యాలపై కూర్చుండెను. మా అమ్మాయి నెమ్మదిగా త్రోసెను. అరువదినాలుగేండ్లలో నేను ఉయ్యాల నూగుట అదే మొదలు. అట్లతద్దినాడు మా చింతచెట్టుకు కట్టిన ఉయ్యాలలను అరుగుమీదనుండి చూచినవాడనే గాని ఎక్కినవాడను కాను. ఊగుట ఎట్లుండునని మీకు చెప్ప నక్కరలేదు, మీ రందరును ఊగియుందురు. కడుపులో చల్లగా ఒక జారుడు, అంతే.

నాలుగు నిమిషములైన పిమ్మట అక్కడి పిల్ల వచ్చి, "ఇక దించమందురా?" అని నన్ను అడిగినది. నా వెనుక వరుసలో కుర్చీలో ఒక బాలుడు కాచుకొనియుండెను. వానికి పదేండ్లుండును. వానిని చూచి, దింపుమంటిని.